సలీం అలీ: తుపాకీ నుంచి కెమెరా వరకు

శ్రీకాకుళం, నవంబరు 12: గూడబాతులుగా పిలిచే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లలను సాకే తరుణంలో టెక్కలి మండలం తేలినీలాపురానికి పొడవాటి టెలిఫొటో లెన్సులతో ఛాయాచిత్రకారులు తరలివస్తుంటారు. పక్షిని చంపకుండా, చేత పట్టకుండా దాని జీవితాన్ని నమోదు చేసే ఈ విధానం మన దేశంలో వేళ్లూనుకున్న దశను దగ్గరుండి చూసిన మహనీయుడు డాక్టర్ సలీం అలీ. నేడు ఆయన జయంతి.

1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించిన సలీం అలీ పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగారు. బాల్యంలో తాను వేటాడిన పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ ఎందుకుందో తెలుసుకోగోరి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్‌ను ఆశ్రయించిన ఉదంతం సుప్రసిద్ధం. 1929లో బెర్లిన్ వెళ్లి ఎర్విన్ స్ట్రెసెమన్ వద్ద శిక్షణ పొంది, 1930లో తిరిగి వచ్చేసరికి ఆయనకు ఉద్యోగం లేదు. ఆ తీరిక వేళలోనే కొంకణ తీరాన కిహిం గ్రామంలో గిజిగాడి సంసారాన్ని గమనించారు. మగ పక్షి గూడు సగం అల్లి ఆగుతుందని, ఆడ పక్షి మెచ్చి చేరిన పిదప దానిని పూర్తిచేసి మరో గూటికి, మరో జతకు ఉపక్రమిస్తుందని తెలియజేశారు. ఇందుకు కావలసివచ్చినది తుపాకీ కాదు, ఓపిక.

తెలుగు నేలతో ఆయనకు తొలినాళ్లలోనే అనుబంధం ఏర్పడింది. నిజాం ప్రభుత్వ ఆర్థిక సహాయంతో 1931-32లో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే నిర్వహించారు. ఆ సర్వేలో పక్షులను కాల్చి నమూనాలు సేకరించిన మాట వాస్తవం, దాచవలసినదేమీ లేదు. జాతులను నిర్ధారించేందుకు నాటి శాస్త్రానికి అదే ప్రధాన ఆధారం. నమూనాల సేకరణను ఆయన అనంతర కాలంలోనూ సమర్థించారు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సింగపూర్ నుంచి భారతదేశానికి వచ్చిన సినీ వ్యాపారవేత్త లోక్ వాన్ థో ఆయనకు ఆప్తమిత్రుడయ్యారు. లోక్ పక్షుల ఛాయాచిత్రణలో సిద్ధహస్తుడు. నాటి ఫిల్ముకు వెలుతురు అధికంగా కావలసి ఉండేది, లెన్సుల శక్తి పరిమితం. అందువల్ల గూటి చేరువన మరుగు కట్టుకుని, అందులో గంటల తరబడి కదలక మెదలక కూర్చోవలసి వచ్చేది. లోక్ తన అనుభవాలను 1957లో గ్రంథరూపంలో వెలువరించారు. 1964 జూన్ 20న తైవాన్‌లో జరిగిన విమాన ప్రమాదంలో దుర్మరణం పాలయ్యారు.

నేటి 600 మిల్లీమీటర్ల లెన్సు 50 మిల్లీమీటర్ల లెన్సు కన్నా 12 రెట్లు పెద్దదిగా చూపుతుంది. గూటికి దూరంగా నిలిచినా చిత్రం దక్కుతుంది. అయితే నౌపడ తంపర భూములవంటి చోట ఎండ ముదిరితే నేలపై వేడిగాలి కదలాడి చిత్రం మసకబారుతుంది, ఉదయపు వేళే అనుకూలం. అంతటి లెన్సు చేతనుండి కూడా చెట్ల కిందికి చొరబడటం సమర్థనీయం కాదు. తల్లి పక్షులు బెదిరి లేచిపోతే పిల్లలు ఎండకు అల్లాడతాయి, గుడ్లు కాకుల పాలవుతాయి.

ఛాయాచిత్రాల కింద రాసే వ్యాఖ్యలలో మరొక పొరపాటు తరచు చోటుచేసుకుంటోంది. తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి వస్తాయన్న ప్రచారం సరికాదు. ఈ రెండు జాతులూ దక్షిణ, ఆగ్నేయాసియా ప్రాంతాలవే. నీటిని, మేతను బట్టి తావులు మారుతుంటాయి. ఉత్తరాది దేశాల నుంచి వలస వచ్చేవి కొన్ని రకాల బాతులు, ఉల్లంకి పిట్టలు. వలసలపై ఊహలకు బదులు ఆధారాలు సేకరించాలన్న తలంపుతోనే సలీం అలీ సారథ్యంలో సొసైటీ 1959లో పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగే బృహత్ కార్యక్రమాన్ని చేపట్టింది.

సలీం అలీకి 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ పురస్కారాలు లభించాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. మిత్రుడు లోక్ మరణించిన 23 ఏళ్లకు, అదే తేదీన, 1987 జూన్ 20న బొంబాయిలో కన్నుమూశారు.