ఎడ్లబండిలో వచ్చిన సేవకుడు

నల్లగొండ ప్రాంతపు సంఘాల చరిత్ర చెప్పుకునేటప్పుడు అబ్రహాం ఫ్రీసెన్ దొరగారి పేరు విడిచిపెట్టలేము. నేటి ఉక్రెయిన్‌లో, జర్మన్ మాట్లాడే మెన్నొనైట్ బ్రదరెన్ రైతు కుటుంబాల మధ్య పెరిగి, హాంబర్గ్ సెమినరీలో చదివి, 1889లో భార్య మరియమ్మగారితో మన దేశానికి వచ్చారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఆయనను చేర్చుకుంది. కానుకలు పంపింది మాత్రం రష్యాలోని ఆ విశ్వాసులే.

1890 నుండి నల్లగొండే ఆయన సేవాస్థలం. అప్పుడది నిజాం రాజ్యం. అక్కడికి రైలు లేదు. ఎడ్లబండ్ల మీద డేరాలు వేసుకొని ఊరూరా తిరగడమే ఆనాటి మిషనరీల పరిపాటి. సువార్తను ముందుగా అందుకున్నవారిలో ఎక్కువమంది మాల, మాదిగ పేటలవారే. అక్షరం అందని ఆ పిల్లలకు మిషన్ బడి తలుపు తెరిచింది.

ఫ్రీసెన్ దొరగారు 1908లో సెలవు తీసుకొని వెళ్లిపోయారు. సంఘాలు మాత్రం చెదిరిపోలేదు. బండి ముందుకు సాగిపోయాక కూడా పేటలోనే ఉండి, రోగులకు ప్రార్థన చేసి, పిల్లలకు అక్షరాలు దిద్దించిన తెలుగు బోధకులు వాటిని నిలబెట్టారు. వారిలో చాలామంది పేర్లు మనకు తెలియవు.

ప్రియులారా, నేడు మనకు కార్లున్నాయి, తారు రోడ్లున్నాయి. అయినా పల్లె సంఘాన్ని దర్శించి ఎన్ని నెలలైంది? అక్కడి కాపరి ఇంట బియ్యం ఉన్నాయో లేదో మనం అడిగామా? వచ్చే ఆదివారంలోగా ఒక పల్లెకు వెళ్లి వద్దాం.