ఆల్ఫ్రెడ్ స్టాక్

ఆల్ఫ్రెడ్ స్టాక్ (జూలై 16, 1876 - ఆగష్టు 12, 1946) సుప్రసిద్ధ జర్మన్ రసాయన శాస్త్రవేత్త. బోరాన్, సిలికాన్ మూలకాలు హైడ్రోజన్‌తో కలిసి ఏర్పరచే సమ్మేళనాలను క్రమపద్ధతిలో పరిశోధించి అకర్బన రసాయన శాస్త్రంలో ఒక కొత్త శాఖకు పునాది వేశాడు. ఇందుకోసం ఇతడు రూపొందించిన శూన్య పరికరం ఇతనికి ఎంత కీర్తిని తెచ్చిందో అంత అనారోగ్యాన్నీ తెచ్చింది. ఆ పరికరంలో వాడిన పాదరసపు ఆవిరిని సంవత్సరాల తరబడి పీల్చడం వలన ఇతని జ్ఞాపకశక్తి, వినికిడి దెబ్బతిన్నాయి. వ్యాధికి కారణం తెలిసిన తరువాత స్టాక్ దానిని దాచుకోక 1926లో వివరంగా ప్రకటించాడు. ప్రయోగశాల గాలిలోని పాదరసాన్ని కొలిచే పద్ధతులనూ, దాని బారినుండి పరిశోధకులను కాపాడే మార్గాలనూ రూపొందించాడు. నేడు విశ్వవిద్యాలయాలలో భద్రతా విభాగాలు అమలుజరిపే నియమాలలో కొన్ని స్టాక్ తన ప్రయోగశాలలో పాటించిన జాగ్రత్తలను పోలి ఉంటాయి.

బాల్యము, విద్యాభ్యాసము

స్టాక్ 1876లో అప్పటి జర్మనీలోని డాంజిగ్ నగరంలో జన్మించాడు. ఈ నగరం ప్రస్తుతం పోలండ్ దేశంలో గ్డాన్స్క్ అనే పేరుతో ఉన్నది. ఉన్నత విద్యకై బెర్లిన్ విశ్వవిద్యాలయంలో చేరి, ఎమిల్ ఫిషర్ అధిపతిగా ఉన్న రసాయన సంస్థలో ఆస్కార్ పిలోటీ పర్యవేక్షణలో పరిశోధన చేసి 1899లో డాక్టరేట్ పొందాడు. తరువాత పారిస్ వెళ్ళి ఆన్రీ మోయిసాన్ వద్ద సుమారు ఒక సంవత్సరం పనిచేశాడు. ఫ్లోరిన్ మూలకాన్ని వేరుచేసిన మోయిసాన్‌కు 1906లో నోబెల్ బహుమతి లభించింది. పారిస్‌లో స్టాక్ దృష్టి బోరాన్, సిలికాన్ సమ్మేళనాల వైపు మళ్ళింది.

పారిస్ నుండి తిరిగి వచ్చిన తరువాత స్టాక్ ఫిషర్ సంస్థలో సహాయకుడిగా చేరాడు. ఆ కాలంలో రసాయన శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో అనారోగ్యం పాలుకావడాన్ని వృత్తిలో భాగంగానే భావించేవారు. ఫిషర్ స్వయంగా తాను కనుగొన్న ఫినైల్ హైడ్రజీన్ అనే పదార్థపు విషప్రభావంతో చాలాకాలం బాధపడ్డాడు. కర్మాగారాలలోని కార్మికుల ఆరోగ్యంపై కొంత చర్చ జరుగుతున్నప్పటికీ, విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో గాలి ఎలా ఉన్నదని పరీక్షించే ఆచారం లేదు.

బోరాన్ హైడ్రైడులు, శూన్య పరికరం

1909లో స్టాక్ బ్రెస్లావు నగరంలోని (ప్రస్తుతం పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్) సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్య పదవి పొంది, అక్కడ అకర్బన రసాయన విభాగాన్ని తీర్చిదిద్దాడు. బోరాన్ హైడ్రైడులపై ఇతని పరిశోధనా పత్రాలు 1912 నుండి వెలువడ్డాయి. మెగ్నీషియం బోరైడును ఆమ్లంతో చర్య జరిపినపుడు ఏర్పడే వాయువులనుండి ఇతడు వివిధ హైడ్రైడులను ఒక్కొక్కటిగా వేరుచేశాడు. తరువాత సిలికాన్ హైడ్రైడులపై కూడా ఇటువంటి కృషియే జరిపాడు.

ఈ పదార్థాలు మిక్కిలి చంచలమైనవి. వీటిలో కొన్ని గాలి తగిలిన వెంటనే మండుతాయి, నీటితో చర్య జరిపి విచ్ఛిన్నమవుతాయి. పైగా ఇవి స్వల్ప పరిమాణంలో మాత్రమే లభించేవి. అందువలన స్టాక్ గాజు గొట్టాలతో పూర్తిగా మూసివేసిన ఒక పరికరాన్ని నిర్మించి, దానిలోని గాలిని తొలగించి, శూన్యంలోనే వాయువులను చల్లబరచడం, వేరుచేయడం, కొలవడం, చర్య జరపడం సాధ్యమయ్యేలా చేశాడు. సాధారణ గాజు కుళాయిలకు పూసే జిడ్డు పదార్థాలతో ఈ వాయువులు కలుషితం కావడం వలన, జిడ్డు అవసరం లేకుండా పాదరసంతో మూసుకొనే కవాటాలను రూపొందించాడు. పంపులు, పీడనమాపకాలు, వాయువులను పట్టే తొట్లు కూడా పాదరసంతోనే పనిచేసేవి. గాలి తగిలితే మండే పదార్థాలను సురక్షితంగా నిర్వహించడానికి శూన్య పరికరం నేటికీ రసాయన శాస్త్రంలో ముఖ్య సాధనంగా ఉన్నది.

వాయువుకు గాలి తగలకుండా కాపాడిన ఈ ఏర్పాటు, పక్కన నిలబడి పనిచేసే మనిషిని మాత్రం కాపాడలేదు. పాదరసం సాధారణ ఉష్ణోగ్రతలోనే ఆవిరి అవుతుంది. ఆ ఆవిరికి రంగు, వాసన లేవు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద పాదరసపు ఆవిరితో సంతృప్తమైన ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 13 మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. అమెరికా జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ తరువాతి కాలంలో సిఫారసు చేసిన పరిమితి 0.05 మిల్లీగ్రాములు మాత్రమే. అనగా సంతృప్త స్థితి ఈ పరిమితికి సుమారు 260 రెట్లు. నేలపై ఒలికిన పాదరసం చిన్నచిన్న బిందువులుగా చీలి చెక్కల సందులలో చేరి, చాలాకాలం ఆవిరి అవుతూనే ఉంటుంది.

నామకరణ పద్ధతి

1916లో రిచర్డ్ విల్‌స్టాటర్ మ్యూనిచ్ వెళ్ళగా, ఆయన స్థానంలో స్టాక్ బెర్లిన్ లోని కైజర్ విల్హెల్మ్ రసాయన సంస్థలో చేరాడు. 1921 నుండి 1926 వరకు ఆ సంస్థకు సంచాలకుడిగా వ్యవహరించాడు.

1919లో స్టాక్ సమ్మేళనాలకు పేర్లు పెట్టే ఒక సులభమైన పద్ధతిని ప్రతిపాదించాడు. అంతకుముందు ఒకే లోహపు వేర్వేరు సమ్మేళనాలను ఫెర్రస్, ఫెర్రిక్ వంటి పేర్లతో గుర్తించేవారు. దీనికి బదులుగా లోహపు పేరు పక్కన దాని ఆక్సీకరణ స్థితిని రోమన్ అంకెలలో సూచించాలన్నది స్టాక్ సూచన. దీనికి స్టాక్ పద్ధతి అని పేరు. పాఠశాల స్థాయి నుండి పరిశోధన వరకు రసాయన శాస్త్రం చదివే విద్యార్థులు నేటికీ ఈ పద్ధతిని వాడుతున్నారు.

అనారోగ్యము, కారణ పరిశోధన

స్టాక్ చాలా సంవత్సరాలపాటు తలనొప్పి, తలతిరుగుడు, ముక్కు, గొంతులలో ఎడతెగని పడిశముతో బాధపడ్డాడు. కాలక్రమేణా వినికిడి తగ్గింది. అన్నింటికంటే ఎక్కువగా జ్ఞాపకశక్తి క్షీణించింది. పుస్తకంలో చూసిన టెలిఫోన్ సంఖ్యను టెలిఫోను దగ్గరకు చేరేలోగా మరచిపోయే స్థితి ఏర్పడింది. ఉపన్యాసాలు ఇవ్వడం, వ్రాయడం, లెక్కలు చేయడం కష్టమయ్యాయి. చికిత్సలు ఎన్ని చేయించుకున్నా ఫలితం లేకపోయింది. అతని ప్రయోగశాలలో పనిచేసిన సహచరులలో కూడా ఇటువంటి లక్షణాలే కనబడ్డాయి.

పాదరసం విషమన్న సంగతి అప్పటికే అందరికీ తెలిసినదే. అద్దాలకు పాదరసపు పూత పూసే కార్మికుల వ్యాధిని ఎడాల్ఫ్ కుస్‌మౌల్ అనే జర్మన్ వైద్యుడు 1861లోనే విపులంగా వర్ణించాడు. అయితే చేతులు వణకడం, నోరు పుండ్లు పడడం, చొంగ కారడం వంటి తీవ్ర లక్షణాలనే వైద్యులు పాదరసపు గుర్తులుగా భావించేవారు. స్వల్ప మోతాదులో దీర్ఘకాలం పీల్చినపుడు కలిగే మతిమరుపు, అలసట, చిరాకు, పడిశము వంటివి అధిక శ్రమ వలన లేదా నరాల బలహీనత వలన కలిగినవని పొరబడడానికి అవకాశం ఎక్కువ. స్టాక్ విషయంలోనూ ఇదే జరిగింది.

1924లో అసలు కారణం బయటపడింది. ప్రఖ్యాత విష శాస్త్రజ్ఞుడు లూయీ లెవిన్ ఇందుకు తోడ్పడ్డాడు. ప్రయోగశాల గాలిని, అక్కడ పనిచేసేవారి మూత్రాన్ని పరీక్షించగా రెండింటిలోను పాదరసం కనబడింది.

1926 నాటి హెచ్చరిక

1926లో స్టాక్ జర్మన్ అనువర్తిత రసాయన శాస్త్ర పత్రికలో పాదరసపు ఆవిరి ప్రమాదాన్ని గూర్చి ఒక సుదీర్ఘ వ్యాసం ప్రకటించాడు. పేరుపొందిన ఆచార్యుడు, పరిశోధనా సంస్థ సంచాలకుడు తన మతిమరుపును, తన ప్రయోగశాలలోని లోపాన్ని బహిరంగంగా ఒప్పుకొనడం అరుదైన విషయం. తనవలె ఇతరులు బాధపడకూడదన్నదే ఆ వ్యాసం ఉద్దేశము. పూర్వకాలపు శాస్త్రజ్ఞుల అనారోగ్యానికి కూడా పాదరసమే కారణమై ఉండవచ్చునని స్టాక్ భావించాడు. మైకేల్ ఫారడే మతిమరుపును ఇందుకు ఉదాహరణగా పేర్కొన్నాడు.

దంతవైద్యులు పళ్ళలో నింపే పాదరస మిశ్రమలోహం కూడా హానికరమని స్టాక్ వాదించాడు. దీనిపై జర్మనీలో తీవ్రమైన చర్చ జరిగింది. దంతవైద్యులలో అనేకులు ఇతని వాదాన్ని అంగీకరించలేదు. పళ్ళలోని మిశ్రమలోహం నుండి వెలువడే స్వల్ప మోతాదు ఎంతవరకు హానికరమన్నది ఆ తరువాత కూడా చాలాకాలం వివాదాంశంగా ఉన్నది. ప్రయోగశాల గాలి విషయంలో మాత్రం స్టాక్ హెచ్చరిక సరియైనదని తరువాతి పరిశోధనలు ధ్రువపరచాయి.

కార్ల్స్‌రూహెలో భద్రతా ఏర్పాట్లు

1926లో స్టాక్ కార్ల్స్‌రూహె సాంకేతిక విద్యాసంస్థలో రసాయన విభాగానికి అధిపతిగా చేరి 1936 వరకు అక్కడ పనిచేశాడు. అక్కడి ప్రయోగశాలలను పాదరసపు ప్రమాదాన్ని దృష్టిలో ఉంచుకొని ఏర్పాటు చేయించాడు. ఇతడు పాటించిన, సిఫారసు చేసిన ముఖ్యమైన జాగ్రత్తలు ఇవి:

పాదరసం వాడే గదులలో గాలి ఎడతెగక మారుతూ ఉండాలి.
నేల పగుళ్ళు, సందులు లేకుండా నున్నగా ఉండాలి.
పాదరసం గల పరికరాల క్రింద పళ్ళెములు ఉంచాలి.
పాదరసాన్ని మూతలేని పాత్రలలో ఉంచరాదు.
ఒలికిన పాదరసాన్ని వెంటనే పూర్తిగా ఏరివేయాలి.
గదిలోని గాలిని తరచుగా పరీక్షించాలి.

వీటిలో చివరిది అన్నింటికంటే ముఖ్యమైనది. కంటికి కనబడని ఆవిరిని కొలవలేనపుడు మిగిలిన జాగ్రత్తలు ఫలించాయో లేదో తెలియదు. అందుచేత స్టాక్ మిక్కిలి స్వల్ప పరిమాణంలో ఉన్న పాదరసాన్ని కొలిచే పద్ధతిని అభివృద్ధి చేశాడు. గాలిని ద్రవవాయువుతో చల్లబరచిన గొట్టంగుండా పంపినపుడు అందులోని పాదరసం గడ్డకట్టి నిలిచిపోతుంది. దానిని ద్రావణంగా మార్చి, విద్యుద్విశ్లేషణ ద్వారా రాగి తీగపై చేర్చి, తీగను వేడిచేసి పాదరసాన్ని ఒక చిన్న బిందువుగా రాబట్టి, సూక్ష్మదర్శినితో ఆ బిందువు వ్యాసాన్ని కొలిచేవారు. వ్యాసం నుండి బరువును లెక్కకట్టేవారు. ఈ పద్ధతితో ఆహార పదార్థాలలోను, మానవ శరీరంలోను ఉండే పాదరసాన్ని గూర్చి కూడా ఇతడు అనేక పరిశోధనలు చేశాడు.

1932లో స్టాక్ అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో ఉపన్యాసాలిచ్చాడు. బోరాన్, సిలికాన్ హైడ్రైడులపై ఆ ఉపన్యాసాలు 1933లో గ్రంథరూపంలో వెలువడ్డాయి.

నాజీ పాలనలో

స్టాక్ నాజీ పార్టీ సభ్యుడు. 1936 నుండి 1938 వరకు, అనగా నాజీ పాలన కాలంలో, జర్మన్ రసాయన సంఘానికి అధ్యక్షుడిగా పనిచేశాడు. యూదు శాస్త్రజ్ఞులు విశ్వవిద్యాలయాల నుండి తొలగింపబడి, దేశం విడచి పోతున్న కాలమది. ఇతని వ్యాధిని గుర్తించడంలో సహాయపడిన లెవిన్ యూదుడు. లెవిన్ 1929లోనే మరణించాడు. తోటి పరిశోధకుల ఆరోగ్యం కోసం ఇంత శ్రమించిన శాస్త్రజ్ఞుని జీవితంలో ఇది చెరపరాని మచ్చగా మిగిలిపోయింది.

చివరి దినములు

అనారోగ్యం కారణంగా 1936లో పదవీ విరమణ చేసిన స్టాక్ బెర్లిన్‌కు తిరిగి వచ్చి, పాదరసంపై పరిశోధనలు కొనసాగించాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ప్రయోగశాలను విడచి సైలీషియా ప్రాంతానికి తరలిపోయాడు. 1945లో యుద్ధం వలన అక్కడినుండి కూడా వెడలిపోవలసి వచ్చింది. ఎల్బే నది ఒడ్డున ఉన్న ఆకెన్ పట్టణంలో 1946 ఆగష్టు 12న తన 70వ ఏట మరణించాడు.

ప్రభావము

బోరాన్ హైడ్రైడులలో పరమాణువులు ఏ విధంగా బంధింపబడి ఉంటాయన్నది స్టాక్ కాలంలో తేలని చిక్కుముడి. దీనిని విప్పినందుకు విలియం లిప్‌స్కాంబ్‌కు 1976లో నోబెల్ బహుమతి లభించింది. బోరాన్ సమ్మేళనాలను కర్బన రసాయన శాస్త్రంలో ఉపయోగించే మార్గాలు కనుగొన్న హెర్బర్ట్ బ్రౌన్ 1979లో ఈ బహుమతిని పంచుకున్నాడు.

జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుల సంఘం స్టాక్ పేరుతో ఒక స్మారక బహుమతిని నెలకొల్పింది. నాజీ పార్టీతో ఇతనికి గల సంబంధం కారణంగా 2020ల తొలినాళ్ళలో ఆ బహుమతికి స్టాక్ పేరును తొలగించారు.

ప్రయోగశాల భద్రతను పరిశోధకుల వ్యక్తిగత జాగ్రత్తకు వదలివేయక, సంస్థ బాధ్యతగా గుర్తించడానికి చాలాకాలం పట్టింది. అమెరికాలో 1990లో వెలువడిన ప్రయోగశాల భద్రతా నిబంధన ప్రకారం, ప్రమాదకర రసాయనాలు వాడే ప్రయోగశాలలకు లిఖితపూర్వకమైన భద్రతా ప్రణాళిక, దానిని అమలుజరిపే బాధ్యుడు ఉండడం తప్పనిసరి అయింది. ఆ తరువాత కూడా ప్రమాదాలు ఆగలేదు. డార్ట్‌మత్ కళాశాల ఆచార్యురాలు కారెన్ వెటర్‌హాన్ చేతి తొడుగుపై 1996 ఆగష్టులో డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరస సమ్మేళనపు చుక్కలు కొన్ని పడ్డాయి. ఆమె 1997 జూన్ 8న మరణించింది. విషలోహాలపై పరిశోధన చేసే ఆమె అప్పటి నియమాల ప్రకారం జాగ్రత్తలు తీసుకున్నది. ఆ రకం రబ్బరు తొడుగులోనుండి ఈ పదార్థం కొన్ని క్షణాలలోనే లోపలికి చేరుతుందని తరువాత జరిపిన పరీక్షలలో తేలింది. దానితో చేతి తొడుగుల ఎంపికకు సంబంధించిన సూచనలను మార్చారు.

పాదరస వినియోగాన్ని తగ్గించే ఉద్దేశంతో రూపొందిన మినమాటా అంతర్జాతీయ ఒప్పందం 2013లో ఆమోదింపబడి 2017లో అమలులోకి వచ్చింది. ఇందులో దంతవైద్యంలోని పాదరస మిశ్రమలోహాన్ని తగ్గించే చర్యలు కూడా ఉన్నాయి. ఐరోపా సమాఖ్య 2025 జనవరి 1 నుండి, కొన్ని మినహాయింపులతో, ఈ మిశ్రమలోహపు వాడకాన్ని నిషేధించింది. స్టాక్ ఈ ప్రశ్నను లేవనెత్తిన నాటినుండి అప్పటికి దాదాపు వంద సంవత్సరాలు గడిచాయి.