వోటరుల పక్షమున నిలిచిన పండితుడు

చదువురాని ప్రజలకు వోటునిచ్చుట క్షేమకరమా యను సందేహము 1951-52 సంవత్సరముల ఎన్నికలకు ముందు మన దేశమున పలువురను బాధించినది. అమెరికాలో నిట్టి సందేహమునే తర్కముతో గాక లెక్కలతో విచారించిన రాజనీతి శాస్త్రజ్ఞుడు వి. ఓ. కీ. ఆయన చరిత్రము మన పాఠకు లెరుగదగినదని మా యభిప్రాయము.

కీ 1908లో టెక్సాస్ రాష్ట్రమందలి ఆస్టిన్ నగరమున జన్మించి, లమేసా యను చిన్న పట్టణమున పెరిగెను. 1934లో చికాగో విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును బడసెను. రాజకీయమును గ్రంథములందే గాక జనుల నడవడియందు పరిశీలింపవలెనని అచ్చట ఛార్లెస్ మెరియం బోధించుచుండెను. శిష్యు డా మార్గమును విడువలేదు. పిమ్మట జాన్స్ హాప్కిన్స్, యేల్, హార్వర్డు విశ్వవిద్యాలయములలో ఆచార్యుడయ్యెను.

1949లో వెలువడిన సదరన్ పాలిటిక్స్ గ్రంథము ఆయన కీర్తికి మూలము. 11 దక్షిణ రాష్ట్రముల ఎన్నికల ఫలితములను తాలూకాలవంటి కౌంటీల వారిగా పరిశోధించి, సహాయకులచే 500 మందికి పైగా రాజకీయానుభవము గలవారిని ప్రశ్నింపజేసి దానిని రచించెను. ఆ సీమలో డెమొక్రటిక్ పక్షమున కెదురు లేదు. తలపన్ను, అక్షరపరీక్ష మొదలగు నుపాయములచే నల్లజాతివారికి వోటు లేకుండ జేసిరి. పన్ను కట్టలేని పేద తెల్లవారును దానిని గోల్పోయిరి. దీని కెల్ల మూలమేమి? నల్లజాతివా రధికముగా నున్న కౌంటీలలోని తెల్లవారు, అందును పెద్ద భూస్వాములు, సంఖ్యకు స్వల్పులయ్యు, తమ భయమును దక్షిణదేశ మంతటికి రాజనీతిగా జేసిరని కీ నిరూపించెను. భూస్వాములగు మా పాఠకులలో కొందరి కీ భాగము రుచింపకపోవచ్చును. కాని వ్రాసినవాడు దక్షిణాదివాడే. తనవారియెడ ద్వేషము లేదు, దాక్షిణ్యమును లేదు.

యుద్ధానంతరము కొందరు పండితులు, వోటరు కులాచారమువలె తండ్రి పక్షమునే పట్టుకొనునని, ప్రచారమునకు లొంగునని వ్రాయసాగిరి. కీ 1936 మొదలు 1960 వరకు గాలప్ సంస్థ సేకరించిన ప్రజాభిప్రాయముల పట్టికలను తిరుగదోడెను. పక్షము మారినవారిని, మారనివారిని, క్రొత్తవారిని వేరుపరచి చూడగా, మారినవారు తమకు నచ్చిన రాజ్యకార్యములను బట్టియే మారినట్లు కనబడెను. వోటరు మూఢుడు కాడనియు, నాయకులు ముందుంచిన దానినుండియే యాతడు ఏరుకొనవలసియుండుననియు ఆయన నిర్ణయము. అభ్యర్థిని ముందెన్నుకొని, అభిప్రాయమును తరువాత దిద్దుకొనువారును గలరని విమర్శకులు పలికిరి. ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. అయినను వోటరును నిందించుటకు పూర్వము అభ్యర్థులను పరీక్షింపుడన్న కీ వాదమే మాకు సమంజసముగ దోచుచున్నది.

ఆ గ్రంథము ముగియకమునుపే, 1963 అక్టోబరు 4వ తేదీన, 55 ఏండ్ల ప్రాయమున ఆయన మరణించెను. శిష్యుడగు మిల్టన్ కమింగ్స్ దానిని పూర్తిచేసి 1966లో ప్రకటించెను. జాతీయ ఎన్నికలలో తలపన్నును రద్దుపరచిన రాజ్యాంగ సవరణము 1964లోను, నల్లజాతివారి వోటుహక్కును కాపాడు చట్టము 1965లోను వచ్చెను. ఈ రెంటిని జూచుటకు కీ జీవించియుండలేదు.