గోదాదేవి విన్న వేకువ పక్షులు

అనంతపురపు కరవుసీమలో, నేటి శ్రీసత్యసాయి జిల్లాకు చెందిన ముదిగుబ్బ పరిసరములందు, వానలు కురిసిన ఏడు ధనుర్మాసపు వేకువ ఎంతయో శ్రవణానందకరము. చెరువుకట్టపై కొంగలు, తుమ్మకొమ్మలపై గువ్వలు, చెట్లకొనలపై పసులపోలిగాడు చీకటి విడకముందే పలుకసాగును. వాన తప్పిన ఏడు చెరువు నెర్రెలిచ్చి, నీటిపక్షులు తరలిపోవును. పక్షుల పలుకునకును వానకును గల ఈ బంధమును వేయేండ్లకు పూర్వమే తన వ్రతమున నిలిపిన పుణ్యమూర్తి గోదాదేవి.

ద్రావిడదేశమున శ్రీవిల్లిపుత్తూరులో వటపత్రశాయికి పుష్పకైంకర్యము చేయు విష్ణుచిత్తునకు, ఆడిమాసమున పుబ్బా నక్షత్రమునాడు తులసివనములో ఆమె శిశువుగా లభించినది. పన్నిద్దరాళ్వారులలో స్త్రీమూర్తి ఈమె యొక్కతెయే. క్రీస్తుశకము 8, 9 శతాబ్దుల కాలమునకు చెందినదని చరిత్రకారులలో పలువురి అభిప్రాయము.

తండ్రి స్వామికై కట్టిన మాలను ఆమె రహస్యముగా తాను ధరించి, బావినీటిలో నీడ చూచుకొనెడిది. అది కనిపెట్టిన విష్ణుచిత్తుడు అపచారమని కలతచెందగా, ఆమె తాల్చి విడిచిన మాలయే తనకు ప్రియమని స్వామి స్వప్నమున తెలిపెను. ఆముక్తమాల్యద అను పేరు అందువలన కలిగినది. 16వ శతాబ్దిలో శ్రీకృష్ణదేవరాయలు ఆ పేరనే ఆమె కథను తెలుగు ప్రబంధముగా రచించెను.

శ్రీరంగనాథుని తప్ప అన్యుని వరింపనని నిశ్చయించుకొన్న గోద మార్గశీర్షమున వ్రతము పూనినది. దాని ఫలమే 30 పాశురముల తిరుప్పావై. మంచు కురియు వేళ వెచ్చని పడక విడువని చెలులను 6వ పాశురము మొదలు 15వ పాశురము వరకు ఇంటింట మేల్కొల్పును. తెల్లవారినదనుటకు ఆమె చూపు సాక్షులలో పక్షులే ముఖ్యము. 6వ పాశురమున పక్షుల కలకలము, 7వ దానిలో భరద్వాజపక్షుల కీచుకీచుధ్వని, 13వ దానిలో శుక్రుడుదయించి గురుడస్తమించిన వేళ మరల పక్షిరవము వినిపించును. 18వ పాశురమున కోడికూతయు, మాధవీలతల పందిరిపై కోకిలల పలుకును కలవు.

చెవికింపైన ఆ ధ్వనిని ఆమె ఒంటరిగా విని తృప్తిపడలేదు. నిద్రించు ప్రతి చెలియు దానిని వినవలెనని వాకిట నిలిచి పిలిచినది. నోముఫలమును సైతము తనకొక్కతెకే కోరలేదు. 3వ పాశురమున నెలకు మూడు వానలు కురిసి దేశమెల్ల సుభిక్షము కావలెనని ఆకాంక్షించి, 4వ పాశురమున వర్షాధిదేవతను వేడుకొన్నది.

పిదప పెండ్లికూతురై శ్రీరంగము చేరి, స్వామి సన్నిధిని ప్రవేశించి ఆయనలో లీనమైనదని సంప్రదాయము. నేటికిని తిరుమలలో ధనుర్మాసమున సుప్రభాతమునకు మారుగా తిరుప్పావై వినిపించును. కరవుసీమలో వేకువ పక్షుల పలుకు విన్నవారికి గోదాదేవి నేర్పిన ధర్మమొక్కటి కలదు: తాను మేల్కొనుట, తోడివారిని మేల్కొల్పుట, అందరి పొలములకు వాన కోరుట.