మదురైలో ఇల్లు వెదకుకొన్న పరదేశి



ఊరు మారి వచ్చినవారిని ఇంటి యజమాని మొదట అడిగేది అద్దె సంగతి కాదు. మీరు ఎవరు, ఏమి తింటారు అని. కోయంబత్తూరులోను మదురైలోను ఇల్లు వెదకిన మనవారికి ఈ ప్రశ్న బాగా తెలిసినదే. నాలుగు వందల సంవత్సరముల క్రితము ఇదే మదురైలో ఇదే ప్రశ్నను ఎదుర్కొన్న రాబర్టు డి నోబిలి జీవితమును ఈ సంచికలో మీ ముందు ఉంచుచున్నాము. ఆయన మన బాప్తిస్టు మార్గమువాడు కాడు, రోమన్ కథోలిక సంఘములోని యేసుసభ గురువు. అయినను మనము తెలిసికొనవలసిన మనిషి.

ఆయన 1577లో ఇటలీ దేశపు గొప్ప వంశములో పుట్టారు. 1605లో గోవాలో దిగి, 1606 నవంబరులో మదురై చేరారు. అప్పుడు ఇక్కడ ఏలుచున్నవారు తెలుగు నాయకరాజులు. ఊరివారి మాట తమిళము, రాజుగారి కొలువులో మాట తెలుగు. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములలో అనేకుల పూర్వులు విజయనగర, నాయకరాజుల కాలములలోనే ఇటు వచ్చారు.

మొదట ఆయన ఫెర్నాండెజ్ అనే పోర్చుగీసు గురువు ఇంట దిగారు. ఆ గురువు 1595 నుండి అక్కడ పాఠశాల నడిపి, రోగులకు మందులిచ్చి, తీరమునుండి వచ్చే పరవ క్రైస్తవులకు సేవ చేయుచుండెను. ఊరివారు మాత్రము మారుమనస్సు పొందలేదు. కారణమును అక్కడి బడిపంతులొకరు నోబిలిగారికి విడమరచి చెప్పారు. (పంతుళ్లము గనుక ఈ సంగతి మాకు కొంచెము సంతోషమే!) జనులు ఆ ఇంటివారిని పరంగులనేవారు. గొడ్డు మాంసము తిని, సారా త్రాగి, స్నానము లేక తిరుగువారని ఆ మాటకు అర్థము. క్రైస్తవుడగుట అంటే పరంగి అగుటయే అని వారు తలంచిరి.

నోబిలిగారు ఆ ఇల్లు విడిచారు. బ్రాహ్మణ వీధుల దగ్గర మట్టి గోడల పూరిల్లు చూచుకొని, కావి వస్త్రము కట్టి, పావుకోళ్లు తొడిగి, దినమునకు ఒక్క పూట శాకాహారము తిన్నారు. వంటవాడు బ్రాహ్మణుడు. తాను పరంగిని కానని తాటాకుపై వ్రాయించి వాకిట పెట్టించారు. శివధర్ముడను తెలుగు బ్రాహ్మణుని వద్ద సంస్కృతము నేర్చారు. తమిళములో గ్రంథములు వ్రాశారు, తెలుగును కూడా నేర్చుకొన్నారు. మనలో కొందరము ముప్పది ఏండ్లుగా ఇక్కడ ఉండియు బస్సు మీది తమిళ అక్షరములు కూడి కూడి చదువుచున్నాము!

స్వజనులే ఆయనను తప్పుపట్టారు. అన్యాచారములలో కలిసిపోయాడని ఫెర్నాండెజ్ గారు పై అధికారులకు ఫిర్యాదు వ్రాశారు. వివాదము గోవా దాటి రోమాకు పోయింది. 1623లో పదిహేనవ గ్రెగరీ పోపు తీర్పు నోబిలిగారికి అనుకూలముగా వచ్చింది.

ఇక మాకు బాధ కలిగించే సంగతి. ఆ పూరింటి వాకిట మన తాతలు నిలబడగలిగేవారా? నిలబడలేరు. ఆ ఇంటికి గౌరవము వచ్చినదే దూరము పాటించుటవలన. తక్కువ కులములవారి కొరకు 1640 నుండి పండారస్వాములనే వేరు గురువులు ఏర్పడ్డారు. ఒకే ప్రభువు, గురువులు మాత్రము వేరు! 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినప్పుడు, వారిలో ఎక్కువమంది మాదిగలు. క్లౌ దొరగారు వారిని చేర్చుకొన్నందుకు పెద్ద కులములవారు దూరమైనను ఆయన వెనుకాడలేదు. మేమైతే క్లౌ దొరగారి పక్షమే. అయితే పొరుగువాని భాషను, వాని భోజనమును అంతగా గౌరవించిన పరదేశిని తీసివేయుటకు మాకు మనసు రాదు. ఆయన పొరుగువారిని ఎన్నుకొన్నారు, అక్కడే పొరపాటు.

1640లో మదురైలోనే ఆయన చెరసాలలో వేయబడ్డారు. తరువాత చూపు మందగించింది. పై అధికారులు ఆయనను యాఴ్పాణమునకు, పిమ్మట మైలాపూరుకు పంపారు. అక్కడ కూడా మట్టి యింటిలోనే నివసించి, మునుపటివలెనే ఒక్క పూట భోజనముతో, తాను చెప్పగా శిష్యులు వ్రాయుచుండగా తన పుస్తకములను సవరించుకొనుచు, 1656 జనవరి 16న కన్నుమూశారు. ఇటలీకి తిరిగి వెళ్లలేదు.