జీను కుట్టిన చేతులే పైపు చెక్కాయి!

ఒక్కసారి ఊహించుకోండి. మీ వయసు 21. నాన్న నడిపిన షాపు మీ చేతికొచ్చింది. పదిహేనో ఏట నుంచి మీరు నేర్చుకున్నది ఒకే పని: గుర్రాలకు జీన్లు, కళ్లేలు, పగ్గాలు తయారు చేయడం. కుట్టు బాగా వచ్చింది, తోలు చూడగానే నాణ్యత చెప్పేంత అనుభవమూ వచ్చింది. సరిగ్గా అప్పుడే ఊళ్లోకి గుర్రం అక్కర్లేని బండి దిగింది. ఇప్పుడేం చేస్తారు?

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఇంజినీరింగ్ అయ్యాక నేను చేరిన మొదటి కంపెనీలో ఒక టూల్ మీద ట్రైనింగ్ ఇచ్చారు. రెండేళ్లు దాని మీదే పనిచేశా. మూడో ఏడు ఆ టూలూ లేదు, దాని మీద పనిచేసే టీమూ లేదు. రెజ్యుమెలో ఆ టూల్ పేరు తీసేస్తే ఇంకేం మిగిలిందో అర్థం కాక చాలా రాత్రులు స్క్రీన్ ముందు కూర్చున్నా. ఆ రోజుల్లో నాకు ధైర్యమిచ్చిన కథ ఇది. హీరో పేరు ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్. చాలామందికి ఆ పేరు ఖరీదైన పెన్నుల మీదో, పర్సుల మీదో చూసిన బ్రాండ్‌గానే తెలుసు. ఆ పేరు వెనకున్న మనిషి మొదట జీన్లు కుట్టేవాడు. ప్రపంచంలో పేరు తెచ్చుకున్నది మాత్రం చెక్కతో చేసిన పొగ పైపులతో.

గుర్రం పోయింది, కస్టమర్ మిగిలాడు

డన్‌హిల్ 1872లో లండన్‌లో పుట్టాడు. నాన్నకు యూస్టన్ రోడ్డులో గుర్రపు సామాన్ల షాపు ఉండేది. పదిహేనేళ్లకే అందులో పనివాడిగా చేరాడు. 1893లో షాపు బాధ్యత అతని మీద పడింది. మూడేళ్లు తిరిగేసరికి, 1896లో, బ్రిటన్‌లో కొత్త చట్టం వచ్చింది. అప్పటిదాకా మోటారు బండి నడక వేగంతో వెళ్లాల్సిందే. ఆ చట్టం దాని స్పీడును గంటకు 14 మైళ్ల దాకా పెంచింది. ఇక కార్లు పెరగడం ఖాయం, జీన్ల గిరాకీ తగ్గడమూ ఖాయం.

అలాంటప్పుడు చాలామంది రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. ఒకటి, కార్లు కొన్నాళ్ల మోజులే అని కళ్లు మూసుకోవడం. రెండు, నేర్చుకున్నదంతా వదిలేసి ఎవడో చేస్తున్నదానిలోకి దూకేయడం. డన్‌హిల్ ఈ రెండూ చేయలేదు. కార్లు తయారు చేసే జోలికి పోలేదు, ఇంజిన్ అతనికి తెలిసిన పని కాదు కాబట్టి. అతను చూసింది కారులో కూర్చున్న మనిషిని. నిన్నటిదాకా గుర్రం మీద కూర్చున్న ఆ పెద్దమనిషే ఈరోజు కారులో కూర్చున్నాడు. అప్పటి కార్లకు పైకప్పు లేదు, ముందు అద్దం కూడా చాలావాటికి లేదు. గాలి, వాన, దుమ్ము అన్నీ ముఖం మీదే. అతనికి తోలు కోటు కావాలి, కళ్లజోడు కావాలి, చేతి తొడుగులు, దీపాలు, హారన్, గడియారం కావాలి.

ఇలా మొదలైంది డన్‌హిల్ మోటారు సామాన్ల వ్యాపారం. కారు తప్ప కారువాడికి కావాల్సినవన్నీ ఒకేచోట దొరకాలన్నది ఆలోచన. కేటలాగులో వెయ్యికి పైగా వస్తువులు చేరాయి. ఒకసారి స్పీడుగా వెళ్తూ పోలీసులకు దొరికిపోయాడని, ఆ కోపంలోనే దూరంగా ఉన్న పోలీసును ముందే కనిపెట్టే బైనాక్యులర్ కళ్లజోడు అమ్మకానికి పెట్టాడని ఒక కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా ఆ కళ్లజోడు మాత్రం అమ్మాడు. తనకు ఎదురైన చిరాకును కూడా వస్తువుగా మార్చే రకం అన్నమాట.

గాలికి ఆరిపోతున్న పైపు

కారు నడిపేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు ఒక ఇబ్బంది చెప్పేవాళ్లు. గాలికి పైపు సరిగ్గా కాలడం లేదు. దానికి డన్‌హిల్ 1904లో ఒక డిజైన్‌కు పేటెంట్ తీసుకున్నాడు. పొగాకు నింపే గిన్నె ముందు అంచును కాస్త పైకి లేపి, గాలికి అడ్డంగా గోడలా చేశాడు. అంతే. పెద్ద టెక్నాలజీ ఏం లేదు. కానీ అతని జీవితం మలుపు తిరిగింది ఇక్కడే.

1907లో లండన్‌లోని సెయింట్ జేమ్స్ ప్రాంతంలో, డ్యూక్ స్ట్రీట్‌లో పొగాకు షాపు తెరిచాడు. అప్పటికి వయసు ముప్పై దాటింది. పొగాకు వ్యాపారంలో అనుభవం సున్నా. చుట్టూ పెద్దమనుషుల క్లబ్బులు, పాతుకుపోయిన షాపులు. అయినా అతని దగ్గర ఒక ఆయుధం ఉంది. జీను కొలిచి కుట్టించుకోవడానికి వచ్చిన మనిషితో ఎలా మాట్లాడాలో అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. పొగాకునూ అలాగే అమ్మాడు. వచ్చినవాడి ఇష్టాలు అడిగి, అతనికి తగ్గట్టు ఆకులు కలిపి, ఆ పాళ్లను పుస్తకంలో రాసి పెట్టేవాడు. మళ్లీ వస్తే అదే మిశ్రమం సిద్ధం. ఈ రోజు మనం కస్టమైజేషన్ అంటున్నది అతనికి దర్జీ కొలతల పుస్తకం లాంటిదే.

రెండు గదుల పాఠం

అసలు సమస్య పైపులతో వచ్చింది. మార్కెట్లో దొరికే పైపులు అతనికి నచ్చలేదు. చాలావాటికి పైన మందంగా వార్నిష్ పూసేవాళ్లు. చెక్కలో గుంట ఉంటే పుట్టీ నింపి రంగేసి దాచేసేవాళ్లు. కొన్నప్పుడు తళతళ, కాల్చాక రంగు వెలవెల. దాంతో 1910లో షాపుకు దగ్గర్లోనే చిన్న వర్క్‌షాప్ పెట్టి, చేయి తిరిగిన కొద్దిమంది పనివాళ్లతో సొంతంగా పైపులు చేయించడం మొదలుపెట్టాడు.

ఆ పని ఎంత కష్టమో కాస్త చెప్పాలి. ఈ రోజుకీ ఇంటి వెనక షెడ్డులో, గ్యారేజీలో ఒక డ్రిల్లు, ఆకురాయి పెట్టుకుని పైపులు చెక్కే హాబీవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. వాళ్లు చేసే పని అప్పటి పనికి పెద్ద తేడా ఏం లేదు.

పైపుకు వాడే చెక్క బ్రయర్. మధ్యధరా సముద్ర తీరాల్లో, అంటే అల్జీరియా, ఇటలీ, కోర్సికా లాంటి చోట్ల పెరిగే ఒక పొద అది. వాడేది కొమ్మను కాదు, నేలలో వేరు మొదట్లో దశాబ్దాలపాటు ఊరిన గడ్డను. దాన్ని తవ్వి తీసి, దిమ్మలుగా కోసి, గంటల తరబడి నీళ్లలో ఉడికిస్తారు. లోపలి పసరు పోవాలి. తర్వాత నెలల తరబడి నీడలో నిదానంగా ఆరాలి. తొందరపడితే పగులుతుంది. ఈ చెక్క వేడికి ఓర్చుకుంటుంది, తేమను పీల్చుకుంటుంది. అందుకే నిప్పు పెట్టినా గిన్నె నిలబడుతుంది.

ఆరిన దిమ్మకు రెండు బెజ్జాలు వేయాలి. పైనుంచి పొగాకు పట్టే గిన్నె, పక్క నుంచి పొగ వచ్చే సన్నని దారి. ఈ రెండోది గిన్నె అడుగున సరిగ్గా మధ్యలో కలవాలి. కొంచెం పైకి కలిస్తే అడుగున తేమ చేరి పొగాకు సగంలోనే ఆగిపోతుంది. ఆ తర్వాత ఆకురాయితో రూపం తేవాలి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి, గట్టి రబ్బరుతో చేసిన మౌత్‌పీస్‌ను సందు లేకుండా బిగించాలి, చివర్లో మైనంతో మెరుగు పెట్టాలి. ఇదంతా అయ్యాక కూడా ఒక గండం ఉంది. వేరు గడ్డ పెరిగేటప్పుడు లోపల ఇసుక రేణువులు ఇరుక్కుంటాయి. పైకి కనిపించవు. గంటలు పనిచేశాక చివరి రుద్దుడులో ఒక చిన్న గుంట బయటపడుతుంది. అప్పుడేం చేయాలి? పక్కషాపువాడు పుట్టీ పెట్టేస్తాడు. డన్‌హిల్ ఆ పైపును తన పేరుతో అమ్మేవాడు కాదు. తర్వాత 1920ల్లో ఇలా పక్కన పెట్టినవాటి కోసం పార్కర్ అనే వేరే పేరుతో కంపెనీయే పెట్టాడు. లోపమున్న సరుకును దాచకుండా వేరే పేరుతో, వేరే ధరకు అమ్మడం. నిజాయితీ కూడా ఒక బిజినెస్ మోడల్ అవుతుందని నాకు అర్థమైంది ఇక్కడే.

చెక్కలో మిగిలిన పసరు కూడా పోవాలని దిమ్మలను నూనెలో నానబెట్టి, వేడి చేసి, బయటికి ఊరిన జిడ్డును తుడిచే పద్ధతి పెట్టాడు. ఇంకో పద్ధతి వెనక సరదా కథ ఉంది. ఒక పైపు కొలిమి దగ్గర మర్చిపోతే, వేడికి మెత్తని భాగం కుంచించుకుపోయి గట్టి గీతలు పైకి తేలాయట. దాన్ని చెత్తలో పడేయకుండా, ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టి కావాలనే అలాంటి గరుకుదనం తెచ్చారు. దీనికి 1917లో పేటెంట్ కోరాడు. ఆ గరుకు పైపులు కొన్నాళ్లకు నున్నటివాటితో సమానంగా పేరు తెచ్చుకున్నాయి.

ఒక చుక్క కథ

ఈసీఈ వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఐసీ చిప్పు మీద చిన్న చుక్క ఉంటుంది కదా, మొదటి పిన్ను ఎటుందో చెప్పడానికి. డన్‌హిల్ పైపుకూ అలాంటి సమస్యే వచ్చింది. మౌత్‌పీస్ చేత్తో చేసింది కాబట్టి ఒక వైపే సరిగ్గా కుదురుతుంది. శుభ్రం చేయడానికి తీసి, తిరిగి పెట్టేటప్పుడు ఏ వైపు పైకి రావాలో కస్టమర్‌కు తెలియడం లేదు. సరే అని పై వైపున ఒక చిన్న తెల్ల చుక్క పెట్టారు. చుక్క పైకి ఉంటే పైపు కరెక్ట్‌గా కూర్చున్నట్టు.

వాడేవాడి గందరగోళం తీర్చడానికి పెట్టిన ఆ చుక్కే తర్వాత ప్రపంచమంతా గుర్తుపట్టే ట్రేడ్‌మార్క్ అయింది. ఏ యాడ్ ఏజెన్సీ గీసి ఇవ్వలేదు దాన్ని. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారుల చేతుల్లో అది సరిహద్దులు దాటింది. 1921లో వేల్స్ యువరాజుకు పొగాకు సరఫరా చేసే రాజముద్ర వచ్చింది. అదే ఏడాది న్యూయార్క్‌లో, 1924లో పారిస్‌లో షాపులు తెరిచారు. అదే కాలంలో ఒక్క చేత్తో వెలిగించే లైటర్ వచ్చింది. దాని మొదటి నమూనాను ఆవపిండి డబ్బాలో అమర్చారు. మన ప్రాజెక్ట్ నమూనాలు అట్టపెట్టెలో చేశామని సిగ్గుపడాల్సిన పనిలేదు!

నాణేనికి రెండో వైపు

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నేను నిజాయితీగా రాసినట్టు కాదు. అతను ఇంత శ్రద్ధగా చేసిన వస్తువు పొగ తాగడానికి. పైపు పొగ కూడా క్యాన్సర్ తెస్తుంది. 1950లో బ్రిటన్‌లోనే డాల్, హిల్ అనే ఇద్దరు పరిశోధకులు పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధముందని చూపించారు. అప్పటికి డన్‌హిల్ బతికే ఉన్నాడు. పని ఎంత గొప్పగా చేస్తున్నామో చూసుకోవడం ఒకటి, ఏ పని చేస్తున్నామో చూసుకోవడం ఇంకొకటి. రెండో ప్రశ్నకు ఈ జీవితంలో మనకు జవాబు దొరకదు. పనితనం నేర్చుకోండి, పైపు మాత్రం వద్దు.

డన్‌హిల్ 1920ల చివర్లోనే వ్యాపారం నుంచి తప్పుకున్నాడు. తమ్ముడు, పిల్లలు నడిపించారు. 1941లో జర్మన్ బాంబులకు డ్యూక్ స్ట్రీట్ షాపు కూలిపోయింది. శిథిలాల ముందు బల్ల వేసుకుని అమ్మకం కొనసాగించారు. 1959లో వర్తింగ్ అనే సముద్రతీర పట్టణంలో అతను కన్నుమూశాడు. రెండేళ్లకు, 1961లో, కూతురు మేరీ కంపెనీ ఛైర్మన్ అయింది.

ఆ తర్వాత రోజుల్లో పైపులు తాగేవాళ్లు తగ్గిపోయారు. గుర్రం పోయినట్టే పైపూ పోయింది. మరి డన్‌హిల్ పేరు ఈ రోజు దేని మీద ఎక్కువ కనిపిస్తోంది? మగవాళ్ల బట్టలు, బ్యాగులు, బెల్టులు. అంటే తోలు, కుట్టు. జీను షాపులో మొదలైన పేరు చుట్టూ తిరిగి మళ్లీ తోలు దగ్గరికే వచ్చింది.

ఈ రాత్రి చేయాల్సిన పని

నేను అప్పట్లో చేసింది మీకూ చెబుతా. ఒక కాగితం తీసుకుని రెజ్యుమెలో ఉన్న ప్రతి టూల్ పేరు పక్కన ఒక వాక్యం రాయండి. ఈ టూల్ రేపు మాయమైతే నా దగ్గర మిగిలే పని ఏంటి? జావా పోతే ప్రాబ్లమ్‌ను ముక్కలుగా విడగొట్టడం మిగులుతుంది. టెస్టింగ్ టూల్ పోతే తప్పు ఎక్కడ దాక్కుంటుందో పసిగట్టే అలవాటు మిగులుతుంది. క్యాడ్ పోతే కొలత మీద పట్టు మిగులుతుంది. జీను పోతే డన్‌హిల్‌కు మిగిలింది కూడా ఇలాంటిదే: వాడేవాడికి ఎక్కడ గుచ్చుకుంటోందో తెలుసుకోవడం, లోపాన్ని పుట్టీతో కప్పకుండా ఉండటం.

ఏ టూల్ పక్కనైనా రాయడానికి ఏమీ దొరక్కపోతే కంగారు పడకండి. దాన్ని ఇంకా పేరుగానే నేర్చుకున్నారు, పనిగా నేర్చుకోలేదు అని అర్థం. రేపటి నుంచి అక్కడే మొదలుపెట్టండి. ఇంటర్వ్యూలో వాళ్లు అడిగేది టూల్ పేరే కావచ్చు, కానీ పదేళ్ల తర్వాత మీకు అన్నం పెట్టేది మాత్రం ఆ పక్కన రాసిన వాక్యమే.