రాజును ఓడెక్కించారు, నేలను రాసిచ్చారు

1908 జనవరిలో జమైకాలో 35 ఏళ్ల ప్రవాసి ఒకరు కన్నుమూశారు. ఆయన పేరు రాబర్ట్ హెన్రీ క్లారెన్స్. నికరాగువా తూర్పు తీరంలోని మిస్కిటో మూలవాసుల చివరి వారసత్వ పాలకుడు.

ఆ తీరంలోని మూలవాసులూ, బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన ఆఫ్రికన్లూ కలిసిపోయి రాజవంశపు మిస్కిటోలు అయ్యారు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు వారికి తుపాకులు ఇచ్చి, వారి నాయకుణ్ణి రాజుగా గుర్తించారు. స్పెయిన్‌ను అడ్డుకోవడానికి వారికి ఒక రాజు కావాలి. ఒకే కుటుంబంలో వారసత్వం సాగింది. పట్టాభిషేకాలు మాత్రం జమైకాలోనో బెలీజ్‌లోనో బ్రిటిష్ అధికారుల ముందు జరిగేవి. ఆ రాజ్యం సమానత్వానికి నిలయం కాదన్నదీ దాచకూడదు. మిస్కిటోలు పొరుగు తెగలపై దాడులు చేసి, మనుషుల్ని పట్టుకెళ్లి బానిసలుగా అమ్మారు.

1860లో బ్రిటన్, నికరాగువా మనాగ్వాలో ఒప్పందం చేసుకున్నాయి. మిస్కిటోల సంతకం లేకుండానే వారి నేల నికరాగువా సార్వభౌమత్వం కిందికి వెళ్లింది. మిగిలింది స్వయంపాలన ఉన్న ఒక రిజర్వు. రాజు హోదా వారసత్వ అధిపతిగా తగ్గింది.

1891లో క్లారెన్స్ అధిపతి అయ్యేనాటికి వయసు 18. రాజధాని బ్లూఫీల్డ్స్‌లోని పాలనా మండలిలో ఇంగ్లీషు మాట్లాడే నల్లజాతి క్రియోల్‌లదే పైచేయి. అరటి వ్యాపారం అమెరికన్ల చేతిలో ఉంది. 1894 ఫిబ్రవరి 12న అధ్యక్షుడు హోసే సాంతోస్ సెలాయా పంపిన సైన్యం రిగోబెర్తో కబేసాస్ నాయకత్వంలో బ్లూఫీల్డ్స్‌ను ఆక్రమించింది. జులైలో జనం తిరగబడి అధిపతిని మళ్లీ నిలబెట్టుకున్నారు. అది కొద్ది వారాల ముచ్చటే అయింది. ఆగస్టులో సైన్యం తిరిగొచ్చింది. బ్రిటిష్ యుద్ధనౌక క్లారెన్స్‌ను తీసుకెళ్లిపోయింది. తర్వాత ఆ ప్రాంతానికి సెలాయా పేరే పెట్టారు.

1905లో బ్రిటన్ తన చివరి అభ్యంతరాన్నీ వదులుకుంది. చట్టానికి లోబడి, జనాన్ని ప్రభుత్వంపై రెచ్చగొట్టకుండా ఉంటే క్లారెన్స్ నికరాగువాలో నివసించవచ్చని ఆ ఒప్పందంలో రాశారు. తన సొంత నేల మీద అడుగు పెట్టడానికి ఆయనకు దక్కిన షరతు అది. మూడేళ్లకే ఆయన పోయారు.

పరాయివాళ్లు గుర్తించిన కిరీటాన్ని పరాయివాళ్లే తీసేశారు. నేల మీద హక్కు అడగడం మాత్రం జనం మానలేదు. 1980లలో మిస్కిటోలు సాయుధంగా పోరాడారు. 1987లో తీరప్రాంతానికి స్వయంప్రతిపత్తి చట్టం వచ్చింది. 2001లో ఆవాస్ తింగ్ని గ్రామానికి ఉమ్మడి భూమి హక్కు ఉందని అమెరికా ఖండ దేశాల మానవ హక్కుల కోర్టు తీర్పిచ్చింది. ఆ గ్రామస్తులు మయాంగ్నాలు. ఒకప్పుడు మిస్కిటో దాడులకు గురైన జనం.